ముందు పార్ట్ టూ చూడొచ్చా అక్కా?

క్యాసెట్ల అక్క జవాబులు, హనుమకొండ నుంచి

పోయిన సంచికలో ఒకరు సీక్వెల్స్ గురించి అడిగితే, మొదటి భాగాన్ని మించిన రెండో భాగం కావాలంటే 1982లో వచ్చిన స్టార్ ట్రెక్ రెండో సినిమా ‘ద రాత్ ఆఫ్ ఖాన్’ చూడమని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఇక దాని మీదే ఉత్తరాలు. మెచ్చుకున్నవాళ్లు కొందరు, ‘తెలుగు సినిమాలు లేనట్టు ఇదేంటి’ అని తిట్టినవాళ్లు కొందరు. ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

అక్కా, స్టార్ ట్రెక్ సినిమాలు థియేటర్లలోకి వచ్చినవే 13 ఉన్నాయట. టీవీ సీరియల్ వేరే ఉందట. ఇవన్నీ చూడకుండా నేరుగా రెండోది చూస్తే అర్థమవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థి, పెద్దపల్లి

మంచిగ అర్థమవుతుంది తమ్ముడూ. వీడియో లైబ్రరీ నడిపిన రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. మొదటి భాగం క్యాసెట్ తీసుకుపోయినవాళ్లు ఒక పట్టాన తిరిగి ఇచ్చేవాళ్లు కాదు. ఇచ్చినా వానాకాలంలో ఫంగస్ పట్టి బొమ్మ మీద గీతలు వచ్చేవి. షెల్ఫులో రెండోదే ఉండేది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇదొక్కటే చూస్తే నడుస్తదా అక్కా’ అనేవారు. నడుస్తది అని కిరాయికి ఇచ్చేదాన్ని. తెల్లారి క్యాసెట్ తెచ్చినప్పుడు ‘పార్ట్ త్రీ ఉందా’ అని అడిగినవాళ్లే గానీ, ‘పార్ట్ వన్ ఉందా’ అన్నవాళ్లు అరుదు.

ఎందుకంటే ఈ కథకు ముందు కథ మొదటి సినిమాలో లేదు, 1967 నాటి ఒక టీవీ ఎపిసోడ్‌లో ఉంది. స్టార్ ట్రెక్ 1966 నుంచి 1969 దాకా అమెరికాలో ఎన్‌బీసీ చానెల్లో వచ్చిన అంతరిక్ష ఓడ కథల సీరియల్. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. చూసేవాళ్లు చాలడం లేదని ఆపేశారు. ఆపేశాక పునఃప్రసారాల్లో జనం ఎగబడ్డారు. దాంతో 1979లో పెద్ద దర్శకుడు రాబర్ట్ వైజ్‌తో, 4 కోట్ల డాలర్లకు పైగా పెట్టి సినిమా తీశారు. డబ్బులు వచ్చాయి గానీ ఖర్చు చూసి నిర్మాణ సంస్థ పారామౌంట్ వాళ్లకు గుండె జారింది. రెండోదాన్ని తక్కువలో తీసే మనిషి కావాలని, టీవీలో పనిచేసిన హార్వ్ బెన్నెట్‌కు అప్పగించారు.

ఆయన చేసిన మొదటి పని, కూర్చుని పాత సీరియల్ మొత్తం చూడటం. అందులో ‘స్పేస్ సీడ్’ అనే ఎపిసోడ్ దగ్గర ఆగాడు. జన్యువులు మార్చి పుట్టించిన ఖాన్ అనే మహాబలుడు, పాత ఓడలో రెండు శతాబ్దాలు నిద్రపోయి లేస్తాడు. సీరియల్ హీరో కెప్టెన్ కర్క్ ఓడనే లాక్కోబోతాడు. కర్క్ అతన్ని ఓడించి, జైలుకు పంపకుండా, మనిషి అడుగుపెట్టని ఒక గ్రహం మీద అతని మనుషులతో సహా దింపి వెళ్లిపోతాడు. చివర్లో కర్క్ దోస్తు, అదే ఓడలో అధికారి స్పాక్ ఒక మాట అంటాడు: ఈ రోజు నాటిన విత్తనం ఏం పంట పండిందో నూరేళ్ల తర్వాత వచ్చి చూస్తే బాగుంటుందని.

ఎవరూ వచ్చి చూడలేదు. అక్కడే సినిమా పుట్టింది. వదిలేసిన ఆరు నెలలకే పక్క గ్రహం పేలిపోయి ఖాన్ ఉన్న నేల ఎడారైంది. భార్య చనిపోయింది, అనుచరుల్లోనూ చాలామంది పోయారు. పదిహేనేళ్లు ఇసుక తుఫానుల్లో బతికాడు. కర్క్‌కు అవేవీ తెలియవు, అతను పైపదవికి వెళ్లి మరిచిపోయాడు. నా లెక్కలో మంచి సీక్వెల్‌కు ఇదొక్కటి ఉంటే చాలు: హీరో వెనకటి కథలో ఏదో చేసి మరిచిపోవాలి, దాన్ని మరిచిపోనివాడు వచ్చి అడగాలి. ఇంకా పెద్ద ఓడ, ఇంకా పెద్ద పేలుడు ఎవరైనా పెట్టగలరు.

ఖర్చంటారా, దాదాపు 1 కోటి 20 లక్షల డాలర్లు. మొదటిదాని ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అందుకే పాత సెట్లే వాడారు. ఖాన్ ఎక్కిన ‘రిలయంట్’ ఓడ లోపల మీరు చూసేది కర్క్ ఓడ సెట్టే, కొంచెం మార్చారంతే. మొదటి సినిమా కోసం తీసిన ఓడల షాట్లు కూడా కొన్ని ఇందులో అతికించారు. అన్నిటికంటే నాకు నచ్చే విషయం, కర్క్, ఖాన్ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడరు. ఒకరు ఒక ఓడలో, ఇంకొకరు ఇంకో ఓడలో, మధ్యలో తెర. అయినా ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నట్టే ఉంటుంది.

దర్శకుడు నికొలస్ మేయర్‌కు అప్పటిదాకా స్టార్ ట్రెక్ అంటే పెద్దగా తెలియదు. అప్పటికే పోగుపడిన రకరకాల స్క్రిప్టులను కలిపి 12 రోజుల్లో కొత్తగా రాశాడు, రచయితగా పేరు కూడా వేసుకోలేదు. అభిమాని కాదు కాబట్టే కర్క్‌ను దేవుణ్ని చేయలేదు. సినిమా మొదట్లోనే కర్క్ పుట్టినరోజు. డాక్టర్ మెకాయ్ కళ్లజోడు కానుకగా ఇస్తాడు. యాభై దాటిన హీరోకు చత్వారం వచ్చిందని మొదటి రీల్లోనే చెప్పే ధైర్యం మన దగ్గర ఎంతమందికి ఉందో మీరే చెప్పండి.

చూసే వరస చెప్తా. ముందు ఆ ‘స్పేస్ సీడ్’ ఎపిసోడ్ చూడు, గంట కూడా పట్టదు. తర్వాత రెండు, మూడు, నాలుగు భాగాలు వరసగా చూడు, ఆ మూడూ కలిసి ఒకే కథ. నాలుగోది 1986లో వచ్చింది, తిమింగలాల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోకు కాలంలో వెనక్కి వచ్చే కథ, కడుపుబ్బ నవ్విస్తుంది. మనసు పడితే 1991 నాటి ఆరోది, అదీ మేయర్ తీసిందే. అయిదోది వదిలెయ్. 1994 నుంచి 2002 దాకా వచ్చిన నాలుగింటికి వేరే సీరియల్, వేరే కెప్టెన్. వాటిలో 1996 నాటిది విడిగా చూసినా ఫరవాలేదు. సరి సంఖ్య భాగాలే బాగుంటాయని అభిమానులు అనేవారు. 2002లో పదోది వచ్చి ఆ లెక్క చెడగొట్టింది.

1979 నాటి మొదటి భాగం మరీ అంత బోరా మేడం?
— విశ్రాంత ఉద్యోగి, కాజీపేట

బోరు అనను సార్, సాగదీత అంటాను. కర్క్ తన ఓడను బయటి నుంచి చూస్తూ చుట్టూ తిరిగే సీను నిమిషాల తరబడి సాగుతుంది. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం ఉంది కాబట్టి నిలబడింది. తీరిక ఉన్న మధ్యాహ్నం చూడండి, మీకు నచ్చే అవకాశం ఉంది.

ఖాన్ పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్ అని విన్నాను. అంటే మనవాడేనా? వేసింది మనవాళ్లెవరైనా ఉన్నారా?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్

సారూ, పేరు వినగానే మీకు వచ్చిన అనుమానం నాకూ వచ్చింది. ఖాన్, సింగ్ రెండూ ఒకే మనిషికి ఎలా అతికాయో రాసినవాళ్లకే తెలియాలి. 1967 ఎపిసోడ్‌లో ఓడలోని చరిత్రకారిణి అతని ముఖం చూసి, ఉత్తర భారతం వాడై ఉంటాడు, బహుశా సిక్కు అని ఊహిస్తుంది. అతని ఒంటి మీద మాత్రం సిక్కు ఆనవాలు ఏదీ కనిపించదు. వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్. ఎపిసోడ్‌లోనూ ఆయనే, సినిమాలోనూ ఆయనే. ఆ గొంతు, ఆ చూపు చూశాక ఊరూ పేరూ అడగబుద్ధి కాదు. కర్క్ కథను కొత్త నటులతో మళ్లీ మొదలుపెట్టిన వరసలో, 2013లో అదే పాత్రను బెనెడిక్ట్ కంబర్‌బాచ్ చేశాడు. తెల్ల ఇంగ్లిష్ వాడికి సింగ్ అని పేరేంటని అప్పుడు చాలామంది అడిగారు, సరిగానే అడిగారు.

మనవాళ్లు కావాలంటే మొదటి సినిమాలో ఉన్నారు. పర్సిస్ ఖంబాటా, బొంబాయి పార్సీ అమ్మాయి, 1965 మిస్ ఇండియా. ఇలియా అనే అధికారిగా వేయడానికి గుండు గీయించుకుంది. అందాల పోటీలో గెలిచిన అమ్మాయి కెమెరా ముందు గుండుతో అంత దర్జాగా నిలబడటం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

గాలి లేని చోట పేలుళ్లకు అంత చప్పుడేంటి? రంగుల మబ్బులో ఓడలు దాక్కోవడం జరిగే పనేనా? నేను సింగరేణిలో చేస్తాను, డ్యూటీ దిగి వచ్చి చూస్తే ఈ అనుమానం వచ్చింది.
— బొగ్గు బాయి కార్మికుడు, గోదావరిఖని

చప్పుడు అబద్ధమే అన్నా. ఆ మబ్బు సంగతి అంతకంటే పెద్ద అబద్ధం. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు లక్ష కోటి కోట్లకు పైగా అణువులుంటాయి. అంతరిక్షంలో మెరిసే నెబ్యులా అనే వాయువుల మబ్బులో అదే జాగాలో సాధారణంగా వందల్లోనో వేలల్లోనో ఉంటాయి. భూమ్మీద మనం చేసే శూన్యం కంటే అది ఖాళీ. దాని లోపలికి వెళ్తే ఏ రంగూ కళ్లకు ఆనదు, ఏ ఓడా దాగదు. సినిమాలో కనిపించే మబ్బును నీళ్ల తొట్టిలో ద్రవ రబ్బరు వదిలి, రంగు లైట్లు వేసి తీశారు.

ఆ అబద్ధం ఎందుకు ఆడారో చూస్తే మాత్రం నాకు కోపం రాదు. మేయర్ అంతరిక్ష యుద్ధాన్ని సముద్రంలో ఓడల యుద్ధంగా, చివరికి జలాంతర్గాముల వేటగా ఆలోచించాడు. మబ్బులోకి దూరగానే రెండు ఓడలకూ తెరలు పనిచేయవు, కవచాలు పనిచేయవు. బలం ఎక్కువున్నవాడికీ తక్కువున్నవాడికీ ఒకటే చీకటి. అప్పుడు స్పాక్ గమనిస్తాడు: ఖాన్‌కు తెలివి ఉంది గానీ అనుభవం లేదు, ముందూ వెనకా కుడీ ఎడమా తప్ప పైనా కిందా ఉన్నాయని అతనికి తోచడం లేదని. కర్క్ ఓడ కిందికి జారి, ఖాన్‌ను పైనుంచి పోనిచ్చి, అతని వెనక తేలుతుంది. బాయిలో దిగినప్పుడు ముందు చూసేది నడిచే దారిని కాదు, నెత్తి మీది రూఫ్‌ను అని మీకు చెప్పాల్సిన పనిలేదు. కొత్తగా చేరినవాడు చేసే పొరపాటే మహామేధావి ఖాన్ చేశాడు.

ఖాన్ ఎడారిలో కర్క్ పాత సిబ్బందిలోని చెకోవ్‌ను చూసి ‘నీ ముఖం నేను మరిచిపోలేదు’ అంటాడు. కానీ 1967 ఎపిసోడ్‌లో చెకోవ్ లేడు కదా!
— పాఠకురాలు, నిర్మల్

లేడు. ‘స్పేస్ సీడ్’ మొదటి సీజన్‌లోది, చెకోవ్ వేసిన వాల్టర్ కోనిగ్ రెండో సీజన్‌లో చేరాడు. దీనికి కోనిగ్ అభిమానుల సభల్లో సరదాగా ఒక కథ చెప్పేవాడు: అప్పట్లో ఓడలో బాత్రూమ్ బయట ఖాన్‌ను చాలాసేపు నిలబెట్టింది చెకోవేనట, అందుకే ముఖం గుర్తుండిపోయిందట. ఇంతకంటే మంచి వివరణ నా దగ్గర లేదు.

నేను యానిమేషన్ నేర్చుకుంటున్నాను. ఈ సినిమాలో గ్రాఫిక్స్ చరిత్రకెక్కిన సీను ఒకటుందని మా సార్ చెప్పారు. ఏది?
— విద్యార్థిని, వరంగల్

జెనెసిస్ సీను బిడ్డా. చచ్చిన రాతి గోళం మీద ఒక యంత్రం పడుతుంది. అక్కడి నుంచి నిప్పు గోడలా లేచి గోళమంతా కమ్ముకుంటుంది, వెనకాల కొండలు మొలుస్తాయి, నీళ్లు వస్తాయి, పచ్చని గ్రహం అవుతుంది. నిమిషం సేపు ఉంటుంది. సినిమాల్లో పూర్తిగా కంప్యూటర్‌తో తయారైన తొలి సీక్వెన్స్‌గా దాన్ని చెబుతారు. చేసింది లూకస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగం, నడిపించింది ఆల్వీ రే స్మిత్. కొండలను లోరెన్ కార్పెంటర్ ఫ్రాక్టల్ గణితంతో, అంటే ఒకే ఆకారాన్ని చిన్నగా మళ్లీ మళ్లీ వాడుతూ పుట్టించాడు. నిప్పు విలియం రీవ్స్ పని. మంటను ఒక ఆకారంగా గీయకుండా వేలాది చుక్కలుగా విడగొట్టాడు. ప్రతి చుక్కకూ ఒక పుట్టుక, ఒక వేగం, ఒక రంగు, ఒక ఆయుష్షు. ఆయుష్షు తీరగానే చుక్క మాయం. నువ్వు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పార్టికల్ అని నొక్కితే వచ్చే పొగ, నిప్పు, దుమ్ము అన్నిటికీ తాత అదే. ఆ విభాగమే 1986లో స్టీవ్ జాబ్స్ పెట్టుబడితో విడిపోయి పిక్సార్ అయింది. 1995లో ‘టాయ్ స్టోరీ’ తీసింది వాళ్లే.

ఇంకో సంగతి. ఆ ముక్కను కర్క్ ఒక వీడియోలా తెర మీద చూస్తాడు. అది కంప్యూటర్ బొమ్మ అని కథే ఒప్పుకుంటుంది. అందుకే ఇన్నేళ్లయినా ఎబ్బెట్టుగా అనిపించదు. నీ మొదటి ప్రాజెక్టులో ఈ ఉపాయం వాడుకో.

స్పాక్ చనిపోయినప్పుడు నేను, మా అమ్మ ఇద్దరం ఏడ్చాం. తర్వాత మూడో భాగంలో బతికొస్తాడని తెలిసి ఒళ్లు మండింది. ఇది మోసం కాదా అక్కా?
— ఇంటర్ విద్యార్థిని, జగిత్యాల

సినిమా చూడనివాళ్లు ఈ జవాబు దాటిపోండి.

చెల్లె, నీ కోపం సినిమా రాకముందే మొదలైంది. స్పాక్‌గా వేసిన లియొనార్డ్ నిమోయ్‌కు మళ్లీ చేయాలని లేదు. మంచి చావు సీను రాస్తామని ఆశపెట్టి ఒప్పించారు. ఆ కబురు బయటికి పొక్కి అభిమానులు మండిపడ్డారు. దానికి మేయర్, బెన్నెట్ ఒక ఎత్తు వేశారు. సినిమా మొదలైన కాసేపటికే శిక్షణ పరీక్షలో స్పాక్ కుప్పకూలి పడిపోతాడు, అదంతా ఉత్త నాటకమని తేలుతుంది. ‘ఓహో, విన్నది ఇదే అన్నమాట’ అని జనం ఊపిరి పీల్చుకుంటారు. చివర్లో నిజంగా చంపితే ఎవరూ సిద్ధంగా లేరు. ఆ పరీక్ష గెలవడానికి వీలులేని పరీక్ష. కర్క్ కుర్రతనంలో మోసం చేసి దాన్ని దాటాడు. జీవితంలో మొదటిసారి దాటలేని పరీక్ష గాజు తలుపు అవతల చనిపోతున్న స్పాక్ రూపంలో వచ్చింది. జేమ్స్ హార్నర్ సంగీతం అక్కడ ఎక్కువ మాట్లాడదు, దానికి ఆయనకు దండం.

చివర్లో శవపేటిక పచ్చని అడవిలో కనిపించే షాట్ మేయర్ తీసింది కాదు. ముందుగా చూసినవాళ్లు దిగాలుగా వెళ్తున్నారని తర్వాత కలిపారు. మేయర్‌కు ఇష్టం లేదు. నాకు ఇష్టమే. ఎందుకంటే 1984లో నిమోయ్ తానే దర్శకుడై తీసిన మూడో భాగంలో ఆ తిరిగిరాక ఊరికే జరగదు. కర్క్ కొడుకు పోతాడు. కర్క్ తన ఓడను తన చేత్తోనే పేల్చేసుకుంటాడు. ఉద్యోగం పోయి నేరస్తుడవుతాడు. అంత పోగొట్టుకుని దోస్తును తెచ్చుకుంటే దాన్ని మోసం అనలేను.

మోసం చూడాలంటే 2013 నాటిది చూడు. అదే చావు సీనును తలకిందులు చేసి, కర్క్‌ను గాజు తలుపు లోపల పెట్టి, కాసేపటికే ఖాన్ రక్తంతో లేపి కూర్చోబెట్టారు. పైగా ఆ కొత్త వరస కథలో కర్క్‌కు ఖాన్‌తో పాత కథే లేదు. ‘నా పేరు ఖాన్’ అని అతను పళ్లు బిగించి చెప్తే కర్క్‌కు ఏం అనిపించాలి?

2016లో వచ్చిన ‘బియాండ్’ నాకు చాలా నచ్చింది. దాన్ని ఎవరూ తలుచుకోరెందుకు?
— ప్రైవేటు ఉద్యోగి, మంచిర్యాల

మంచి సినిమాయే. సీరియల్ మొదలై 50 ఏళ్లయిన సందర్భంగా వచ్చింది. కార్ల రేసుల సినిమాల జస్టిన్ లిన్ తీశాడు. స్కాటీగా వేసిన సైమన్ పెగ్ రాతలో చెయ్యి వేశాడు కాబట్టి మనుషుల మాటలు మనుషుల మాటల్లా ఉన్నాయి. చెకోవ్‌గా వేసిన ఆంటన్ యెల్చిన్ విడుదలకు నెల ముందు ప్రమాదంలో చనిపోయాడు. నిమోయ్ 2015లోనే పోయాడు. కొత్త స్పాక్ పెట్టె తెరిచి పాత సిబ్బంది ఫొటో చూసే సీను ఆ లోటును గుర్తుచేస్తూనే ఉంటుంది.

లోపం విలన్ దగ్గర ఉంది. అతనూ మరిచిపోబడ్డ మనిషే, ఒకప్పుడు వాళ్లలోనే ఒక కెప్టెన్. ఖాన్‌కు ఉన్నంత బలమైన కారణం ఉంది. కానీ ఆ సంగతి సినిమా చివరికొచ్చేదాకా దాచారు. అప్పటిదాకా ఇద్రిస్ ఎల్బా అంతటి నటుడు మేకప్ వెనక గుర్రుమంటూ గడిపేశాడు. మరిచిపోయింది కర్క్ కూడా కాదు, ఎప్పటివాళ్లో. దెబ్బ తగలాల్సిన చోట తగల్లేదు.

మన తెలుగులో ఇలాంటి అంతరిక్ష కథల వరస ఎందుకు రాదు? డబ్బు లేకనా?
— పాఠకుడు, సిరిసిల్ల

డబ్బు మాట ఒప్పుకోను. 1991లోనే సింగీతం గారు ‘ఆదిత్య 369’ తీశారు, 2018లో ‘అంతరిక్షం’ వచ్చింది. స్టార్ ట్రెక్‌లో మనిషి మెరుస్తూ మాయమై గ్రహం మీద తేలే యంత్రం ఉంది చూడండి, అది వారం వారం ఓడను గ్రహం మీద దించి చూపించే ఖర్చు భరించలేక కనిపెట్టిందే. మనకు తక్కువ ఉన్నది ఓపిక. 79 ఎపిసోడ్లు తీసి పెడితే పదిహేనేళ్ల తర్వాత అందులో ఒకటి పనికొచ్చింది. మన దగ్గర మొదటి భాగం క్లైమాక్స్‌లోనే రెండో భాగం ప్రకటించేస్తారు, మరిచిపోయే వ్యవధి ఎవరికీ ఇవ్వరు.

మా పిల్లలకు ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు. రాత్ ఆఫ్ ఖాన్ చూపించొచ్చా? భయపడే సీన్లు ఉన్నాయా?
— గృహిణి, హుజూరాబాద్

పదకొండేళ్లవాడికి చూపించండి. చిన్నవాడికి ఒక్కచోట జాగ్రత్త పడాలి వదినా. మొదటి అరగంటలోనే ఖాన్ ఇద్దరు బందీల చెవుల్లోకి పురుగులను పంపిస్తాడు. 1982 నాటిదే అయినా పెద్దవాళ్లు కూడా చెవి మూసుకుంటారు. ఇసుకలో పాతుకున్న ఓడ లోపల ఖాన్ గాజు తొట్టి దగ్గరికి నడవగానే రిమోట్ చేతిలోకి తీసుకోండి, హెల్మెట్లు తొడిగాక వచ్చే అరుపులు కూడా అయిపోయి ఆ సీను పూర్తయ్యేదాకా ముందుకు జరిపేయండి. ‘ఇక వాళ్లిద్దరూ ఖాన్ చెప్పినట్టు వింటారు’ అని ఒక్క మాట చెబితే కథ ఎక్కడా తెగదు. తర్వాత చెకోవ్ చెవిలోంచి ఆ పురుగు బయటికి వచ్చే సీను కూడా ఒకటి ఉంది. అక్కడ మాత్రం ఫార్వర్డ్ చేయకండి, చిన్నవాడే ఊరుకోడు.